క్రీస్తు పునరుత్థానం, మన పునరుత్థానం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు సంఘాల్లో కన్ఫర్మేషన్ తరగతుల పిల్లలు, ఒకరు పోయిన ఇంట్లో జరిగే ఆదరణ కూడికల తర్వాత భోజనాల దగ్గర పెద్దలు, ఇంట్లో ఒకరు గుడికి మరొకరు చర్చికి వెళ్ళే కుటుంబాలవారు అడిగే ప్రశ్నలివి. క్యాథలిక్కులు, లూథరన్లు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు, పెంతెకొస్తు వారు ఒకే మాట చెప్పనిచోట ఆ తేడాను దాచలేదు. నా సొంత అభిప్రాయమైతే అది నాదేనని చెప్పాను.

పునరుత్థానం అంటే చనిపోయినవారు మళ్ళీ బతకడమేనా?

కాదు. బేతనియలో లాజరు, నాయీనులో విధవరాలి కొడుకు, యాయీరు కూతురు మళ్ళీ బతికారు. కానీ వాళ్ళంతా మరోసారి చనిపోయారు. లాజరు కుటుంబం ఒకే మనిషి కోసం రెండుసార్లు ఏడవవలసి వచ్చింది. యేసు విషయంలో సువార్తలు చెబుతున్నది వేరు. ఆయన వెనక్కి, పాత జీవితంలోకి రాలేదు. చావు ఇక ముట్టుకోలేని జీవితంలోకి, శరీరంతో సహా వెళ్ళాడు.

అందుకే ఆ కథనాల్లో రెండు రకాల వివరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆయన శిష్యుల ముందు కాల్చిన చేప ముక్క తిన్నాడు. చేతుల్లో, ప్రక్కలో గాయాలు అలాగే ఉన్నాయి. కానీ తలుపులు మూసిన గదిలో నిలబడ్డాడు. ఎమ్మాయు దారిలో గంటల తరబడి కలిసి నడిచినవారే గుర్తుపట్టలేదు. అంటే వచ్చింది దయ్యమూ కాదు, మూర్ఛ నుంచి తేరుకున్న రోగీ కాదు. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు దీనికి విత్తనం పోలిక వాడాడు. భూమిలో పడింది ఒకటి, మొలిచింది మరొకటి. అయినా అది వేరే మొక్క కాదు.

పునర్జన్మకు, దీనికి తేడా ఏమిటి?

మన ఊళ్ళలో ఇది తప్పక వచ్చే ప్రశ్న. పునర్జన్మలో ఆత్మ ఒక శరీరాన్ని వదిలి మరో శరీరం తీసుకుంటుంది. కర్మను బట్టి అలా ఎన్ని జన్మలైనా సాగవచ్చు. ఆ చక్రం నుంచి బయటపడటమే మోక్షం. క్రైస్తవ విశ్వాసంలో చక్రం లేదు. ఒకటే జన్మ, ఒకటే మరణం, ఆ తర్వాత అదే మనిషి లేవడం. మీ అమ్మ మీ అమ్మగానే లేస్తుంది. ఆమె పేరు, ఆమె చరిత్ర, ఆమెను ఆమెగా చేసినవన్నీ దేవుడు మరచిపోడన్నది నమ్మకం. ఇందులో ఏది గొప్ప అని పోటీ పెట్టనక్కరలేదు. రెండూ ఒకటేనని కలిపేస్తే మాత్రం ఇద్దరికీ అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

ఆత్మ పరలోకానికి వెళ్ళడమే కదా అసలు విషయం? శరీరం మట్టే కదా?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన పాటల్లో, ప్రసంగాల్లో, ఫ్లెక్సీల్లో సగానికి సగం ఈ తప్పు లెక్క మీదే నడుస్తున్నాయి. ప్రతి ఆదివారం ఎందరో వల్లించే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఆత్మ అమరత్వం గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నది శరీర పునరుత్థానం. గొంతు ఎత్తి చెప్పి, ఇంటికెళ్ళి దానికి వ్యతిరేకం నమ్మేవారు మనలో తక్కువేమీ కాదు.

శరీరం ఒక పాడు జైలు, ఆత్మ అందులోంచి తప్పించుకుపోవాలి అన్నది గ్రీకు తత్త్వవేత్తలలో చాలామందికి ఇష్టమైన ఆలోచన. పౌలు ఏథెన్సులో మాట్లాడినప్పుడు, మృతులు లేస్తారన్న మాట రాగానే కొందరు నవ్వారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతోంది. యూదుల్లోనూ అందరూ ఒప్పుకోలేదు. పరిసయ్యులు నమ్మారు, సద్దూకయ్యులు నమ్మలేదు. దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో మంటిలో నిద్రించేవారు మేలుకొంటారన్న మాట ఉంది. యేసు నిలబడింది ఆ పక్షాన.

దేవుడు చేసిన శరీరాన్ని దేవుడే విడిపిస్తాడని నమ్మితే దాని పర్యవసానాలు చాలా దూరం వెళ్తాయి. 1883లో గుంటూరుకు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ 1930లో చనిపోయేదాకా ఇక్కడి ఆడవాళ్ళకూ బిడ్డలకూ వైద్యం చేసింది. ఆమె పేరుతో ఆసుపత్రి గుంటూరులో ఉంది. ఆత్మ ఒక్కటే లెక్కలోకి వచ్చేదైతే మంత్రసానుల పొరపాట్లతో, ప్రసూతి జ్వరంతో పోతున్న శరీరాల కోసం అంత తిప్పలెందుకు? కరపత్రాలు పంచి ఊరుకోవచ్చు కదా.

శుక్రవారం సాయంత్రం సమాధి చేస్తే ఆదివారం తెల్లవారుజామున లేచాడు. అది మూడు రోజులెలా అయింది?

యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రోజులో కొంత భాగమున్నా దాన్ని ఒక రోజుగానే లెక్కిస్తారు. శుక్రవారం కొంత, శనివారం పూర్తిగా, ఆదివారం కొంత. మన ఇళ్ళలోనూ మూడో రోజు కార్యానికి మనిషి పోయిన రోజును కలుపుకునే లెక్కిస్తాం. అప్పుడెవరూ గంటలు కూడరు.

యేసు నిజంగా లేచాడనడానికి ఆధారం ఏమిటి?

మొదట ఒక మాట. ఇది ప్రయోగశాలలో మళ్ళీ చేసి చూపగలిగే విషయం కాదు. చరిత్ర మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపలికి అడుగు పెట్టడం విశ్వాసం పని. గుమ్మం దాకా ఉన్న దారి మాత్రం చాలామంది అనుకున్నంత బలహీనమైనది కాదు.

లేచిన యేసు ఎవరెవరికి కనబడ్డాడో వివరంగా చెప్పే తొలి రాతపూర్వక సాక్ష్యం సువార్తలు కాదు, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం, 15వ అధ్యాయం. సిలువ మరణం తర్వాత పాతికేళ్ళు కూడా గడవకముందే రాసినది. అందులో పౌలు తాను పొందినదాన్నే అప్పగిస్తున్నానంటూ ఒక జాబితా ఇస్తాడు. కేఫా (అంటే పేతురు), పన్నెండుమంది శిష్యులు, ఒకేసారి అయిదు వందలకు మించిన సహోదరులు, యాకోబు, చివరికి తాను. ఆ అయిదు వందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా చేరుస్తాడు. అంటే వెళ్ళి అడగండి అన్నట్టే.

జాబితాలోని ఇద్దరి పేర్లు గమనించండి. యాకోబు యేసు సహోదరుడు. యేసు జీవించి ఉండగా ఆయన సహోదరులు నమ్మలేదని యోహాను సువార్తే ఒప్పుకుంటోంది. అదే యాకోబు తర్వాత యెరూషలేము సంఘ పెద్ద అయ్యాడు. క్రీ.శ. 62లో అతన్ని రాళ్ళతో కొట్టించిన సంగతి యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. రెండోవాడు పౌలే, సంఘాన్ని హింసించినవాడు. నమ్మాలని కోరుకున్నవారికి మాత్రమే దర్శనం కలిగిందన్న వాదన ఈ ఇద్దరి దగ్గర ఆగిపోతుంది.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని మొదట చూసినవారు స్త్రీలు. మగ్దలేనే మరియ పేరు నాలుగింటిలోనూ ఉంది. ఆ కాలపు యూదు సమాజంలో స్త్రీల సాక్ష్యానికి న్యాయస్థానంలో విలువ తక్కువ. కథ అల్లేవాడు అలాంటి సాక్షులను ఎందుకు ఎంచుకుంటాడు? అపొస్తలులకే ఆ స్త్రీల మాటలు ‘వెఱ్ఱిమాటలుగా కనబడెను’ అని లూకా రాశాడు. సంఘ నాయకులకు తలవంపులు తెచ్చే ఆ వాక్యాన్ని సంఘం తుడిచేయలేదు. సందర్భం వచ్చింది కాబట్టి అంటున్నాను. స్త్రీలు వేదిక ఎక్కకూడదని ఇప్పటికీ వాదించే పెద్దలు ఈస్టర్ నాడు ఎవరి వార్తను ప్రకటిస్తున్నారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత సీఎస్‌ఐ తొలి మహిళా బిషప్ అయినప్పుడు ఆశ్చర్యపోయినవారికీ ఇదే మాట.

శిష్యులు శవాన్ని ఎత్తుకుపోయారన్న ఆరోపణ కొత్తది కాదు. మత్తయి సువార్త 28వ అధ్యాయంలోనే ఉంది. సమాధి ఖాళీగా ఉందన్న సంగతిని ఆరోపించినవారు కూడా కాదనలేదన్నది అందులోని విశేషం.

నాలుగు సువార్తల్లో వివరాలు కలవవు కదా?

కలవవు. మార్కు ముగ్గురు స్త్రీల పేర్లు చెబుతాడు, యోహాను మగ్దలేనే మరియ ఒక్కదానినే చెబుతాడు. మత్తయిలో ఒక దూత, మార్కులో తెల్లని బట్టలు వేసుకున్న యువకుడు, లూకాలో ఇద్దరు మనుషులు, యోహానులో ఇద్దరు దూతలు. మార్కు సువార్త అతి పురాతన ప్రతులు కొన్ని, స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న 16:8 దగ్గరే ఆగిపోతాయి. మీ బైబిలులో ఆ తర్వాతి వచనాలకు బ్రాకెట్లో సూచన ఉంటే కారణం అదే.

వీటన్నిటినీ బలవంతంగా ఒకే కథలో ఇరికించే పుస్తకాలు ఉన్నాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. నలుగురు సాక్షులు కామా సహా ఒకేలా చెబితే ఏ న్యాయవాదికైనా అనుమానం వస్తుంది. సమాధి ఖాళీ, చూసింది స్త్రీలు, వారంలో మొదటి దినం తెల్లవారుజాము. ఈ మూడింటిలో తేడా లేదు.

చనిపోయిన మా నాన్నగారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

మరణానికీ చివరి పునరుత్థానానికీ మధ్య కాలం గురించి సంఘాలు ఏకాభిప్రాయానికి రాలేదు. క్యాథలిక్కులు, చాలామంది ప్రొటెస్టంట్లు, విశ్వాసి ఆత్మ క్రీస్తు సన్నిధిలో ఉంటుందంటారు. ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అని పక్క సిలువ మీద ఉన్న దొంగతో యేసు చెప్పిన మాట వారికి ఆధారం. ఇంకా శుద్ధి కావలసినవారు ఉత్తరించు స్థలంలో ఉంటారని, వారికోసం ప్రార్థన చేయాలని క్యాథలిక్ సంఘం బోధిస్తుంది. లూథరన్, సీఎస్‌ఐ, పెంతెకొస్తు సంఘాలు దాన్ని అంగీకరించవు. పునరుత్థాన దినం వరకూ మృతులు ఏమీ తెలియని నిద్రలో ఉంటారన్నది అడ్వెంటిస్టుల బోధ.

ఫ్లెక్సీల మీద ‘మహిమ ప్రవేశం’ అని రాస్తాం. తప్పు లేదు, కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఆ వ్యక్తి ఇంకా ఎదురుచూస్తున్నారు, మనలాగే.

ప్రార్థన చేస్తే లేస్తారని శవాన్ని ఇంట్లోనే ఉంచమన్నారు. ఉంచవచ్చా?

వద్దు. అలా చెప్పినవారు ఎంత పెద్ద దైవజనులైనా సరే, వద్దు. మే నెల విజయవాడ ఎండలో అది ఆ ఇంటివారికే కాదు, ఇరుగుపొరుగుకూ ప్రమాదం. క్రీస్తు పునరుత్థానం మన పట్టుదలను పరీక్షించడానికి జరగలేదు. చనిపోయిన విశ్వాసులు లేచేది ప్రభువు రాకడలో అని తొలి సంఘం నమ్మింది, అందుకే తన మృతులను భక్తితో పాతిపెట్టింది. తొలి హతసాక్షి స్తెఫను రాళ్ళ దెబ్బలకు పోయినప్పుడు భక్తిగలవారు అతన్ని సమాధి చేసి చాలా ఏడ్చారు. మూడు రోజులు కాపలా కాయలేదు. ఇలాంటి సలహా ఇచ్చి, మనిషి లేవకపోతే మీ విశ్వాసం చాలలేదని ఆ ఇల్లాలి మీదికే నెట్టడం క్రూరత్వం. వైద్యులు మరణాన్ని నిర్ధారించాక భూస్థాపన ఏర్పాట్లు చేయండి.

దహనం చేయవచ్చా? అస్థికలు కృష్ణలో కలపవచ్చా?

కుటుంబంలో అన్నదమ్ములు వేర్వేరు మతాల్లో ఉన్నచోట, లేదా పట్టణంలో సమాధి స్థలం దొరకనిచోట ఇది పెద్ద గొడవవుతోంది. ఊరు పెరిగింది, సమాధుల తోటలు పెరగలేదు. పాత సమాధినే తెరిచి అదే కుటుంబంలో మరొకరిని పెట్టడం మామూలైపోయింది.

క్యాథలిక్ సంఘం 1963లో దహనానికి అనుమతి ఇచ్చింది, పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేయకూడదన్న షరతుతో. 2016లో వాటికన్ ఇంకా వివరంగా చెప్పింది. అస్థికలను పవిత్ర స్థలంలో భద్రపరచాలి, ఇంట్లో ఉంచుకోకూడదు, గాలిలోనో నీటిలోనో వెదజల్లకూడదు. కాబట్టి క్యాథలిక్కులకు కృష్ణలో నిమజ్జనం కుదరదు. ప్రొటెస్టంటు సంఘాల్లో భూస్థాపనే ఆచారం. దహనం గురించి ముందుగా మీ పాస్టరు గారితో మాట్లాడటం మంచిది, శవం ఇంట్లో ఉండగా వాదన పెట్టుకోవద్దు.

దహనమైన శరీరాన్ని దేవుడు లేపలేడేమోనన్న భయం మాత్రం అనవసరం. క్రీ.శ. 177లో, ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్‌లో క్రైస్తవులను చంపినవారు వారి శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపారు. ఇక వీళ్ళు ఎలా లేస్తారో చూద్దామని ఎగతాళి చేశారు. దానివల్ల పునరుత్థానం ఆగిపోతుందని ఆనాటి సంఘం అనుకోలేదు.

కళ్ళు దానం చేస్తే రేపు గుడ్డివాడిగా లేస్తానా?

లేవరు. సముద్రంలో పోయినవారిని, అగ్నిలో పోయినవారిని లేపగలవాడికి ఒక శుక్లపటలం (కార్నియా) అడ్డు కాదు. నేత్రదానానికి చాలా సందర్భాల్లో ఆ పారదర్శక పొరనే తీసుకుంటారు, ముఖం వికారంగా మారదు. మరణం తర్వాత కొద్ది గంటల్లోనే, సాధారణంగా ఆరు గంటల్లోపు జరగాలి కాబట్టి మీ నిర్ణయం ఇంట్లోవారికి ముందే తెలియాలి. శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వడమూ పాపం కాదు. గాయాలతోనే లేచినవాడిని ఆరాధించేవాళ్ళం, శరీరంలో లోటు గురించి మనం భయపడటమేమిటి?

విశ్వాసులు ఏడవకూడదా?

ఆదరణ కూడికల్లో కొందరు ప్రసంగికులు ఏడుస్తున్న భార్యను లేపి నిలబెట్టి ‘హల్లెలూయా’ అనమంటారు. దయచేసి అలా చేయకండి. లాజరును లేపబోతున్నానని తెలిసీ ‘యేసు కన్నీళ్లు విడిచెను’. థెస్సలొనీకయుల సంఘానికి పౌలు దుఃఖపడవద్దని రాయలేదు, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని రాశాడు. మరణాన్ని శత్రువు అన్నాడే గాని స్నేహితుడు అనలేదు. శత్రువు ఇంట్లోకి వచ్చి వెళ్ళాక ఏడవడం సహజం.

నలభయ్యో రోజు, సంవత్సరీకం లాంటి కూడికలు పెట్టాలా అని కూడా అడుగుతారు. పెట్టుకోవచ్చు, అప్పుచేసి భోజనాలు పెట్టనక్కరలేదు.

సమాధుల తోటలో పూలు, కొవ్వొత్తులు పెట్టడం విగ్రహారాధన అవుతుందా?

ఈస్టర్‌కు ముందు సున్నాలు వేయించి, ఆ తెల్లవారుజామున సమాధుల మధ్య పాడటం మన జిల్లాల్లో చాలా సంఘాలకు అలవాటు. క్యాథలిక్కులు నవంబరు 2న మృతుల పండుగ చేస్తారు. కొన్ని సంఘాలు రెండింటికీ దూరం. సమాధికి మొక్కితే, పోయినవారిని వరాలు అడిగితే ప్రొటెస్టంటు బోధ ప్రకారం తప్పు. ఒక దండ వేసి, ఒక కొవ్వొత్తి వెలిగించి, ఇక్కడ పడుకున్నవారు మాకు ఇంకా కావలసినవారే అని చెప్పడంలో నాకు తప్పు కనిపించదు.

మా అమ్మ క్రైస్తవురాలు కాకుండానే పోయింది. ఆమెను మళ్ళీ చూస్తానా?

ఈ ప్రశ్న అడిగేవారు గొంతు తగ్గించి అడుగుతారు. కొందరు బోధకులు వెంటనే ‘చూడవు’ అనేస్తారు. వారికి ఆ అధికారం ఎవరిచ్చారో తెలియదు. క్రీస్తు ద్వారానే రక్షణ అన్నది సంఘాలన్నిటి ఒప్పుకోలు. ఆ రక్షణ ఎవరి దాకా చేరుతుందన్న దగ్గర తేడాలున్నాయి. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెదికినవారు రక్షణ పొందగలరని క్యాథలిక్ సంఘం 1964లో రెండో వాటికన్ మహాసభలో ప్రకటించింది. మన ఊళ్ళలోని ఎవాంజెలికల్ సంఘాలు చాలావరకు అంతదూరం రావు.

తీర్పు తీర్చేది లాజరు సమాధి దగ్గర ఏడ్చినవాడు. అంతకుమించి చెప్పే అర్హత నాకు లేదు, మీ పొరుగు బోధకుడికీ లేదు.

ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుంది?

ఉగాదిలాగే దీనికీ చంద్రుడితో పని ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు, అంటే సంఘ లెక్కలో మార్చి 21, ఆ రోజునో ఆ తర్వాతో వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. అందుకే మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. అన్ని సంఘాలు ఒకే ఆదివారం జరుపుకోవాలని 325లో నికయ మహాసభ తీర్మానించింది. చాలా ఏళ్ళు అది మన చైత్ర పౌర్ణమి తర్వాతి ఆదివారమే అవుతుంది. 2026లో ఏప్రిల్ 5. 2027లో మార్చి 28, అంటే ఫాల్గుణ పౌర్ణమి తర్వాత.

ఈస్టర్ గుడ్లు, కుందేళ్ళు?

ఐరోపా ఆచారాలు. పిల్లలకు సరదా. బైబిలులో లేవు.

ఇదంతా నమ్మితే రోజువారీ జీవితంలో ఏమి మారాలి?

పౌలు కొరింథు ఉత్తరంలోని ఆ 15వ అధ్యాయంలో ‘ఓ మరణమా, నీ విజయమెక్కడ?’ అని అంత ఎత్తుకు వెళ్ళి, చివరి వచనంలో మీ ప్రయాస వ్యర్థం కాదు, పనిచేయండి అంటాడు. నేరుగా నేలమీదికి దిగిపోతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, ఈ లోకం ఎలాగూ పోయేదే అనుకున్నవారికి ఇళ్ళలో బురద ఎత్తే కారణం లేదు. దేవుడు ఈ లోకాన్నే నూతనం చేస్తాడని నమ్మినవారికి ఉంది.

ఇంకో విషయం ఉంది, చాలామందికి రుచించదు. కొన్ని చోట్ల సమాధుల తోటలోనూ కులాన్ని బట్టి వరుసలున్నాయి. పెళ్ళి సంబంధాల్లో కులం చూసుకున్నవారు మట్టిలోనూ చూసుకుంటున్నారు. ఒకే బూర శబ్దానికి అందరూ కలిసి లేస్తారని పాడుతూ, పక్క వరుసలో ఎవరున్నారని వాకబు చేయడం నాకు అర్థం కాదు. ఆ గోడలు సంఘ కమిటీలు కట్టినవే, కాబట్టి కమిటీలే ఒక తీర్మానంతో తీసేయవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో లేవనెత్తండి. మాట పడతారు, అయినా లేవనెత్తండి.

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకు క్రైస్తవులు కానివారు రావచ్చా?

తప్పకుండా. చాలా చోట్ల చీకటి ఉండగానే మొదలవుతుంది, సమయం సంఘాన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందురోజే కనుక్కోండి. తెల్లబట్టలే వేసుకోవాలన్న నియమం లేదు. ఎవరైనా ‘క్రీస్తు లేచెను’ అని పలకరిస్తే ‘నిజముగా లేచెను’ అన్నది ఆచారమైన జవాబు, నమ్మకం లేకపోతే నమస్కారం చాలు. కానుక సంచి వచ్చినప్పుడు ఏమీ వేయనక్కరలేదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల మాత్రం ఆ సంఘ నియమాల ప్రకారం అర్హులైన విశ్వాసులకే, అప్పుడు మీ చోటనే కూర్చోండి. సమాధుల మధ్య నడిచేటప్పుడు ఫోను లైటు నేలవైపు పట్టుకోండి, అడ్డంగా పాత రాళ్ళు ఉంటాయి.